పురుగునీ పువ్వునీ దగ్గరగా చూడాలంటే ఏం కొనాలి?

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం, సైన్సు విభాగానికి ఇవ్వదలచిన కెమెరా గురించి చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ నిధిలోంచి సైన్సు విభాగానికి ఒక కెమెరా కొనిద్దామని మన సంఘం అనుకుంది. బడి ఆవరణలో కనిపించే పువ్వుల్నీ పురుగుల్నీ పిల్లలే ఫొటోలు తీసి, పేర్లు కనుక్కుని, ఏడాదికొక ఆల్బమ్ తయారు చేయాలన్నది ఆలోచన. ఏ కెమెరా కొంటే బాగుంటుందో చెప్పే పని నాకు అప్పగించారు. నేను స్టూడియో నడిపేవాణ్ణి కాదు. పదిహేనేళ్లుగా ఆదివారాలు పొలం గట్ల మీద బోర్లా పడుకుని పురుగుల ఫొటోలు తీస్తుంటానని కార్యదర్శి గారికి తెలుసు, అంతే. అలా పడుకున్నప్పుడు చూసి, కళ్లు తిరిగి పడిపోయాననుకుని నీళ్ల చెంబుతో పరుగెత్తుకొచ్చిన రైతులూ ఉన్నారు.

సంఘం వాళ్లు నాకు పంపిన కొటేషన్‌లో రెండే వస్తువులున్నాయి. ఒక ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, దాంతోపాటు వచ్చే జూమ్ లెన్సు. ఈ పని కోసం తీసిపెట్టిన డబ్బంతా ఆ రెండింటికే అయిపోతుంది. మొహమాటం లేకుండా చెబుతాను, ఆ కొటేషన్ వద్దు. కెమెరా మంచిదే. పెళ్లిళ్లకు, ఇలాంటి సభలకు దివ్యంగా ఉంటుంది. కానీ దాంతో మన పిల్లలు చీమ మొహం చూడలేరు. డబ్బు ఖర్చు పెట్టే వరస మార్చమని నా మనవి. దగ్గరగా చూపించే అద్దానికి ముందు పెట్టాలి, తర్వాత వెలుతురుకు పెట్టాలి, కెమెరాకు చివర్న పెట్టాలి. ఎందుకో చెబుతాను.

మనమంతా మందార పువ్వు నిలువుకోత బొమ్మ వేసినవాళ్లమే. సగం బ్లేడు, బల్ల మీద పువ్వు, చేతులకు జిగురు. పువ్వు ఎదురుగా ఉన్నా రికార్డులోకి బొమ్మ మాత్రం పుస్తకంలోంచే దిగేది. మందారం అరచేయంత ఉంటుంది కాబట్టి దాన్ని ఏ కెమెరా అయినా తీస్తుంది, జేబులో ఉన్న ఫోనైనా తీస్తుంది. కానీ ఆ కేసరాల మీద పుప్పొడి ఒక్కొక్క గింజగా కనిపించాలంటే కథ మారిపోతుంది. గోడ వారన మొలిచే గడ్డి చామంతి ఒక పువ్వు కాదని, చిన్న చిన్న పూలు చాలా కలిసిన గుత్తి అని మాస్టారు చెబుతారు. అది మాటగా వినడం వేరు, ఆ చిన్న పూలలో ఒక్కదాన్ని తెర మీద గుమ్మడి పువ్వంత చేసి చూడటం వేరు.

ఇక్కడ ఒక్క లెక్క అర్థమైతే మిగతాదంతా సులువు. కెమెరా లోపల బొమ్మ పడే చోట సెన్సర్ అనే పలక ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో దాని వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. ఏపీఎస్-సీ అనే చిన్న రకంలో వెడల్పు సుమారు 23, ఎత్తు 15. ఇప్పుడు 6 మిల్లీమీటర్ల చీమను తీసుకోండి. దాని బొమ్మ సెన్సర్ మీద కూడా సరిగ్గా 6 మిల్లీమీటర్లే పడితే దాన్ని 'ఒకటికి ఒకటి' అంటారు. అసలైన మాక్రో లెన్సు అక్కడిదాకా తీసుకెళ్తుంది. కెమెరాతో వచ్చే జూమ్ లెన్సుల్లో చాలావరకు, ఎంత దగ్గరకు జరిగినా, ఇందులో మూడో వంతుకు అటూ ఇటూగా ఆగిపోతాయి. అంటే చీమ 2 మిల్లీమీటర్లయి కూర్చుంటుంది. 36 మిల్లీమీటర్ల పలక మీద 2 మిల్లీమీటర్ల చీమ ఎంత? వెడల్పులో పద్దెనిమిదో వంతు. అదే చీమ చిన్న సెన్సర్ మీద ఒకటికి ఒకటిగా పడితే వెడల్పులో నాలుగో వంతు ఆక్రమిస్తుంది. ఖరీదైన కెమెరా దగ్గర చీమ చుక్కలా ఉంటే, పాత చిన్న కెమెరా దగ్గర దాని మీసాలు లెక్కపెట్టొచ్చు. ఎన్ని మెగాపిక్సెళ్లున్నా ఈ తేడా పూడ్చడం కష్టం.

మరి ఒకటికి ఒకటి దాకా ఎలా వెళ్లాలి? నేరుగా మాక్రో లెన్సు కొనడం ఒక దారి. ఈ లెన్సులు మొదట పురుగుల కోసం పుట్టినవి కావు. నికాన్ వాళ్లు 1956లో మొదటి మైక్రో నిక్కోర్ లెన్సు తెచ్చింది, పుస్తకాల పేజీల్ని చిన్న ఫిల్ము మీదకు అక్షరం చెదరకుండా ఎక్కించడానికి. చిక్కటి జపాన్ లిపిని అంత స్పష్టంగా పట్టగలిగిన అద్దం చీమ కాలి మీద నూగునూ పడుతుంది. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ మాక్రో లెన్సుల మీద మైక్రో అనే ఉంటుంది. షాపులో చూసి కంగారు పడకండి, రెండూ ఒకటే.

మాక్రో లెన్సుల మీద 60, 100, 180 అని అంకెలుంటాయి. పెద్ద అంకె ఉంటే ఎక్కువ పెద్దదిగా చూపిస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. మూడూ ఒకటికి ఒకటే చూపిస్తాయి. తేడా అంతా మనకూ పురుగుకూ మధ్య మిగిలే జాగాలో ఉంది. 60 రకంతో ఒకటికి ఒకటి తీయాలంటే లెన్సు మూతి నుంచి పురుగుకు దాదాపు 9, 10 సెంటీమీటర్లే ఉంటుంది. 100 రకంతో 13 నుంచి 15 దాకా, 180తో సుమారు 24. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసిన తరం మనది, అది ఎంత దూరంలో ఉండగా మన నీడ పసిగడుతుందో మన చేతులకే తెలుసు. దాని ఒక్కో కంట్లో ముప్పై వేల దాకా చిన్న కళ్లుంటాయి. వెనక నుంచి వెళ్తే చూడదనుకోవడం మన భ్రమ. కాబట్టి పువ్వులకు 60 చాలు, పురుగులకు 90 లేదా 100 కావాలి. 180 బరువు, ఖరీదు. ఎనిమిదో తరగతి పిల్ల చేతులకు అది వద్దు. టామ్రాన్ 90, క్యానన్ 100, నికాన్ 105, వీటిలో ఏదైనా సరే. నేను చూసినంతలో చెడ్డ మాక్రో లెన్సు దొరకడమే అరుదు. ఈ బ్రాండా ఆ బ్రాండా అని వాదించుకునే సమయంలో రెండు పురుగుల్ని తీయొచ్చు.

అయితే కొత్త మాక్రో లెన్సు ఖరీదు బాగా ఎక్కువ. దానికంటే తక్కువలో మూడు దారులున్నాయి. బడికి ఇవే ముఖ్యం.

ఒకటి, గొట్టాలు. ఎక్స్‌టెన్షన్ ట్యూబులంటారు. కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగిస్తారు. లోపల అద్దం ఏమీ ఉండదు, ఉత్త బోలు. లెన్సు సెన్సర్‌కు దూరం జరిగితే దగ్గరి వస్తువు పెద్దదవుతుంది. 50 లెన్సుకు 50 మిల్లీమీటర్ల గొట్టం తగిలిస్తే ఒకటికి ఒకటి వస్తుంది, అంత తేలిక లెక్క. 12, 20, 36 మిల్లీమీటర్ల మూడు గొట్టాలు సెట్టుగా అమ్ముతారు. కొనేటప్పుడు లోపల రాగిరంగు కరెంటు పిన్నులున్నవే కొనాలి. అవి లేనివి చవకే కానీ, వాటితో ఇప్పటి లెన్సుల రంధ్రాన్ని పెంచడం తగ్గించడం కెమెరా నుంచి కుదరదు.

రెండోది లెన్సు ముందు తగిలించే అద్దం. నా ఓటు దీనికే. పదో తరగతి భౌతికశాస్త్రంలో కటక సామర్థ్యం, డయాప్టర్లు చదువుకున్నాం కదా. కళ్లద్దాల షాపులో ప్లస్ 2, ప్లస్ 3 అన్నట్టే ఇది ప్లస్ 8. వందను ఎనిమిదితో భాగిస్తే 12.5. లెన్సును అనంతం దగ్గర పెట్టి ఈ అద్దం తగిలిస్తే 12.5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది. వెనకున్న లెన్సు 250 మిల్లీమీటర్లయితే, 250ని 125తో భాగించండి, రెండు. అంటే ఒకటికి ఒకటి కాదు, రెండింతలు! మాక్రో లెన్సు కంటే ఎక్కువ. రేనాక్స్ అనే జపాన్ కంపెనీ డీసీఆర్-250 అనే పేరుతో ఇలాంటిదే చేస్తుంది. బట్టల క్లిప్పులా రెండు వైపులా నొక్కితే లెన్సు మూతికి పట్టుకుంటుంది, వదిలితే ఊడొస్తుంది. అదే కంపెనీది డీసీఆర్-150 అని ఇంకొకటి ఉంది, పవర్ ప్లస్ 4.8. సీతాకోకచిలుకలకూ పువ్వులకూ అదే నయం. ఇందులో ఒక జాగ్రత్త. ప్లస్ 1, ప్లస్ 2, ప్లస్ 4, ప్లస్ 10 అని నాలుగు అద్దాలు ఒక సంచీలో పెట్టి చాలా చవకగా అమ్ముతుంటారు. అవి ఒంటి అద్దాలు, అంచుల్లో ఊదా, ఆకుపచ్చ రంగులు కారతాయి. ఒకటి కంటే ఎక్కువ అద్దాలు కలిపి ఆ రంగుల్ని సరిచేసినవే కొనాలి.

మూడోది, లెన్సును తిరగేసి బిగించడం. కొన్ని వందల రూపాయల రింగు చాలు. ఊళ్లో పాత స్టూడియోల్లో ఫిల్ము కెమెరాల 50 లెన్సులు దుమ్ము కొట్టుకుని ఉంటాయి. వాటికి రంధ్రం తిప్పే రింగు లెన్సు మీదే ఉంటుంది కాబట్టి ఈ పనికి అవే బంగారం. చీమ కన్ను, ఆకు మీద నూగు, సీతాకోకచిలుక రెక్క మీద పొలుసులు దీంతో తీయొచ్చు. చిక్కేమిటంటే పురుగుకు నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరకు వెళ్లాలి. కదలనివాటికి సరే, మిడతకు పనికిరాదు.

ఇక వెలుతురు. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే. ఎందుకంటే కొటేషన్‌లో దీనికి ఒక్క రూపాయి కూడా లేదు.

అంత దగ్గరకు వెళ్లినప్పుడు స్పష్టంగా కనిపించే మందం చాలా పలచబడుతుంది. చిన్న సెన్సర్ కెమెరాలో ఒకటికి ఒకటి దగ్గర, రంధ్రం పూర్తిగా తెరిచి ఎఫ్ 2.8 పెడితే ఆ మందం మిల్లీమీటరులో పావు వంతు కూడా ఉండదు. అక్షింతల పురుగు కన్ను స్పష్టంగా వస్తే వీపు మబ్బు పట్టినట్టుంటుంది. రంధ్రం తగ్గించి ఎఫ్ 11 పెడితే మిల్లీమీటరుకు కాస్త తక్కువ వస్తుంది. ఇంకా తగ్గిద్దామంటే, సన్నటి రంధ్రంలోంచి వచ్చే కాంతి చెదిరిపోయి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. అందుకని ఎఫ్ 8, ఎఫ్ 11 మధ్యే మన బతుకు. రంధ్రం అంత చిన్నదైంది. దానికితోడు, ఒకటికి ఒకటి దగ్గర సెన్సర్‌కు చేరే వెలుతురు మామూలులో నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంకోపక్క పురుగు ఊపిరి తీస్తున్నట్టు కదులుతూ ఉంటుంది, గడ్డిపోచ గాలికి ఊగుతుంది, మన చేయి వణుకుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కూడా చాలదు. చాలినా, నల్లటి నీడలతో పువ్వు గీతలు గీసినట్టు వస్తుంది.

అందుకే ఫ్లాష్ కావాలి. పెద్దది అక్కర్లేదు. పవర్‌ను చేత్తో తగ్గించుకునే వీలున్న మామూలు ఫ్లాష్ చాలు. దాన్ని ముప్పై రెండో వంతు పవర్‌కు తగ్గిస్తే, ఆ వెలుగు పదివేలో వంతు సెకను దరిదాపుల్లో మెరిసి ఆరిపోతుంది. అంత తక్కువ సమయంలో తేనెటీగ కాలు కూడా ఎక్కడికీ కదలదు, చేతి వణుకూ కనిపించదు. పురుగుల విషయంలో ట్రైపాడ్ కొనాల్సిన అవసరం దీంతో తీరిపోతుంది. పువ్వులకు మాత్రం ఉంటే మంచిది. పైన మంచి హెడ్ ఉన్నది కాకపోయినా నేల దాకా కాళ్లు చాపేదైతే చాలు.

కానీ ఫ్లాష్‌ను ఉత్తగా వాడితే? అక్షింతల పురుగు వీపు అద్దం లాంటిది. ఎర్రటి వీపు మధ్యలో తెల్లటి చిల్లు పడినట్టు ఫ్లాష్ బొమ్మ కనిపిస్తుంది. చీమ తల నల్లటి గాజుగోళీ అయిపోతుంది. ఆ వెలుగును పెద్దది చేసి, మెత్తబరిచి పురుగు మీద వేయాలి. ఇక్కడే నాకు ఈ పని మీద ప్రేమ ఎక్కువ. ఒక పుస్తకం పేజీ అంత తెల్లటి తెర ఫ్లాష్‌కూ పురుగుకూ మధ్య, పురుగుకు వీలైనంత దగ్గరగా పెడితే, మనకు అది కాగితం ముక్క, అక్షింతల పురుగుకు అది మబ్బు పట్టిన ఆకాశం. ఆ వెలుగులో దాని వీపు మీద చుక్కల అంచులు, రెక్కల కింద మడత, అన్నీ కనిపిస్తాయి.

ఈ తెర కొనాల్సిన వస్తువు కాదు. కొత్త టీవీకి చుట్టి వచ్చే తెల్లటి పలచటి ఫోమ్ షీటు, ట్రేసింగ్ పేపరు, ఐస్‌క్రీమ్ డబ్బా మూత, ఏదైనా సరే. చిప్స్ ప్యాకెట్ లోపలి వెండి పొరను అట్టకు అంటించి గూడులా చుట్టి, ముందు ఫోమ్ కట్టండి. ఒక పీరియడ్‌లో పిల్లలు తయారు చేస్తారు. పది రకాలుగా చేయించండి, ఏది బాగుందో ఒకే పురుగును తీసి వాళ్లే చూసుకుంటారు. మీ అందరికీ ఒక రహస్యం చెబుతున్నాను, నా సంచిలో లెన్సు మారింది, కెమెరా మూడుసార్లు మారింది, అట్టతో చేసిన తెర మాత్రం అదే నమూనా. లెన్సు చుట్టూ తగిలించే రింగు ఫ్లాష్ మాత్రం కొనకండి. పురుగు కంట్లో గుండ్రటి తెల్ల గాజు పడుతుంది, బొమ్మ చప్పగా ఉంటుంది. అది పళ్ల డాక్టర్లకు బాగుంటుంది.

ఫ్లాష్‌తో తీస్తే వెనక నల్లగా వస్తుందని కొందరు ఫిర్యాదు చేస్తారు. ఫ్లాష్ వెలుగు దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి అలా వస్తుంది. పురుగు వెనక జానెడు దూరంలో ఒక ఆకు ఉండేలా మనం చోటు మారితే సరిపోతుంది. ఆకు లేకపోతే ఇంకో పిల్లాణ్ణి ఆకు పట్టుకుని నిలబెట్టండి.

ఇప్పుడు కెమెరా. ఇంతదాకా వచ్చాక కెమెరా ఏదైనా పెద్ద తేడా లేదని మీకే తెలిసి ఉంటుంది. లెన్సు మార్చుకునే వీలుండాలి, చేత్తో రంధ్రం, షట్టర్ పెట్టుకునే వీలుండాలి, ఫ్లాష్ తగిలించే చోటు ఉండాలి. మిర్రర్‌లెస్ కెమెరాలకు మారినవాళ్లు పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు అమ్మేస్తున్నారు, లేదా బీరువాలో పడేస్తున్నారు. ఇక్కడ ఎదురుగా కూర్చున్నవాళ్లలో కనీసం పదిమంది ఇళ్లలో అలాంటివి ఉంటాయని నా నమ్మకం. పాప పుట్టినప్పుడు కొన్నది, పాప ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతోంది, కెమెరా చివరిసారి ఎప్పుడు తీశారో గుర్తు లేదు. అవునా? ఆ కెమెరా, దాంతో వచ్చిన 18-55, 55-250 లెన్సులు బడికి ఇవ్వండి. నిధి డబ్బు అద్దాలకూ ఫ్లాష్‌లకూ మిగులుతుంది. ఇచ్చే ముందు లెన్సులోకి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అది బూజు, దాన్ని మిగతా లెన్సుల పక్కన పెట్టొద్దు.

బూజు అన్నాను కాబట్టి ఇంకో మాట. మన కోస్తా ఉక్కపోతలో బీరువాలో పెట్టి తాళం వేసిన లెన్సు రెండు మూడు వర్షాకాలాలకు పాడైపోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్, చిన్న తేమ కొలిచే గడియారం. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. సిలికా జెల్‌లో నారింజ రంగుది కొనండి. తేమ పీల్చుకుంటే ఆకుపచ్చగా మారుతుంది, వేడి చేస్తే మళ్లీ నారింజ అవుతుంది. నీలం రంగుదానిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, పిల్లలు తిరిగే చోట అది ఎందుకు? అన్నిటికంటే మేలు, వారానికి రెండుసార్లయినా లెన్సు గాలికీ వెలుతురుకీ బయటకు రావడం.

అసలు నా భయం అక్కడే. ఉపాధ్యాయులు నన్ను మన్నించాలి. లక్షల రూపాయల కెమెరా స్టాకు రిజిస్టరులో ఒక మాస్టారి సంతకం మీద ఉంటే, ఆయన దాన్ని పిల్లల చేతికి ఇస్తారా? నేనైనా ఇవ్వను. పడితే ఎవరు కట్టాలి? రిటైరయ్యే రోజు దాన్ని అప్పజెప్పేదాకా నిద్ర పట్టదు. చాలా బడుల్లో మైక్రోస్కోపు అద్దాల బీరువాలో దేవుడి విగ్రహంలా ఉండిపోవడానికి కారణం మాస్టార్ల బద్ధకం కాదు, ఆ రిజిస్టరు. అందుకని నేను రాసిచ్చిన జాబితాలో ఏ వస్తువూ, ఒక్క మాక్రో లెన్సు తప్ప, పగిలితే ఎవరికీ గుండె ఆగేంత ఖరీదు లేదు. దానం వచ్చిన కెమెరాలు మూడు. ప్లస్ 8 అద్దాలు మూడు, గొట్టాల సెట్టు ఒకటి, చిన్న ఫ్లాష్‌లు మూడు, ఛార్జింగ్ సెల్లులు, డబ్బా, సిలికా జెల్. మిగిలిన దాంట్లో సెకండ్ హ్యాండ్ 90 లేదా 100 మాక్రో ఒకటి. పగిలిన వస్తువును ప్రశ్నలు వేయకుండా రిజిస్టరులోంచి కొట్టేసి, సంఘం కొత్తది కొనిస్తుందని రాతపూర్వకంగా బడికి ఇవ్వాలి. ఈ కాగితం లేకుండా సామాను ఇవ్వడం దండగ.

కెమెరా అందని పిల్లల కోసం ప్రతి తరగతికీ పది రెట్లు చూపించే చేతి అద్దాలు ఐదేసి కొనండి. వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే రకం. దాన్ని ఫోన్ కెమెరా ముందు ఆనించి పట్టుకుంటే గడ్డి చామంతి లోపలి పూలు చక్కగా వస్తాయి. ఫోన్ సెన్సర్ బుల్లిది కాబట్టి స్పష్టంగా కనిపించే మందం కూడా ఎక్కువే వస్తుంది, ఇది దాని అదృష్టం. చవక ఫోన్ల మీద 2 మెగాపిక్సెల్ మాక్రో అని రాసి ఉండే కెమెరాను మాత్రం నమ్మకండి. అసలు కెమెరా ముందు అద్దం పెట్టడమే మేలు.

కొందరు పురుగును ఫ్రిజ్‌లో పెట్టి, చలికి కదలకుండా చేసి తీస్తారు. పదుల కొద్దీ ఫొటోలు తీసి కంప్యూటరులో కలిపి ఒకటిగా చేసే పద్ధతి కూడా ఉంది. రెండోది పెద్ద తరగతి పిల్లలు సరదాగా నేర్చుకోవచ్చు, రాలిపోయిన రెక్కతోనో ఎండిన గింజతోనో. మొదటిది మన బడిలో వద్దు. తెల్లవారుజామున వెళ్తే అవే చల్లగా, మంచు తడితో కదలకుండా కూర్చుని ఉంటాయి. ఎండ తగిలి ఒళ్లు వేడెక్కేదాకా ఎగరలేవు. ఆరున్నర నుంచి ఏడున్నర, అదీ మన ప్రయోగశాల సమయం.

చివరగా సంఘం పెద్దలకు ఒక విన్నపం. ఇది కొటేషన్‌లో రాసేది కాదు. స్వర్ణోత్సవం కోసం ఆవరణంతా గడ్డి చెక్కించి శుభ్రం చేశారు, చూడటానికి ముచ్చటగా ఉంది. నిన్న సాయంత్రం ఒకసారి చుట్టూ తిరిగి చూశాను. వాలీబాల్ కోర్టు వెనక, ప్రహరీ గోడ వారన ఒక ఇరవై అడుగుల ముక్క మాత్రం పనివాళ్లు వదిలేశారు. అక్కడ తుమ్మి ఉంది, గడ్డి చామంతి ఉంది, పల్లేరు పసుపు పూలు పూసి ఉంది. రెండు జిల్లేడు చెట్లున్నాయి. ఒక జిల్లేడు ఆకు అడుగున తెల్లటి గుడ్డు కనిపించింది, గుండుసూది తలంత. పక్క కొమ్మ మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళి పురుగు ఆకు తింటోంది, ఒంటి మీద మూడు జతల నల్లటి కొమ్ములతో. నారింజ రంగు సీతాకోకచిలుకలు జిల్లేడు చుట్టూ తిరుగుతుంటాయే, వాటి పిల్ల. గుడ్డు నుంచి రెక్కల దాకా నెల లోపే అంతా ఆ చెట్టు మీదే నడుస్తుంది. ఆల్బమ్‌కు మొదటి ఇరవై పేజీలు అక్కడే ఉన్నాయి.

దయచేసి ఆ ముక్క చెక్కించకండి, మందు కొట్టించకండి. జిల్లేడు పాలు కంట్లో పడకుండా చూసుకోమని పిల్లలకు ముందే చెప్పాలి.

రేపు పొద్దున ఆరున్నరకు నేను అక్కడే ఉంటాను. నా కెమెరా, ప్లస్ 8 అద్దం, అట్ట తెర తెస్తాను. పిల్లలతోపాటు మాస్టార్లూ రావచ్చు. మోకాళ్ల మీద కూర్చోవాలి కాబట్టి పట్టుపంచెలు, పట్టుచీరలు మాత్రం వద్దు.